ఈ ఇంజన్‌కి మన ఊళ్లో పనేంటి? మోడల్ రైళ్లు కొనేముందు థీమ్ ఎందుకు?

ఈరోజు నా బల్ల మీద మీకు ఒక్కటే ఇంజన్ కనిపిస్తుంది. అదీ ఇంకా రంగు వెయ్యనిది, బూడిద రంగు ప్లాస్టిక్ డబ్బాలా ఉంది. రెండేళ్ల కిందట ఇదే బల్ల మీద ఆరు ఇంజన్లు ఉండేవి. మెరిసిపోతూ ఉండేవి. కొత్తవాళ్లు చాలామంది "బ్రో, ఫస్ట్ ఏ ఇంజన్ కొనాలి" అని అడుగుతున్నారు కదా, దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ ఆరు ఇంజన్ల సంగతి చెప్పాలి. కొంచెం సిగ్గుగానే ఉంది, కానీ చెప్తా.

అప్పుడు నేను గచ్చిబౌలిలో జాబ్ చేస్తున్నా. నెలాఖరుకి జీతం పడగానే రాత్రి ఫోన్లో రైళ్లు చూడటం, నచ్చింది ఆర్డర్ పెట్టేయడం. మొదట ఒక అమెరికన్ స్టార్టర్ సెట్, అందులో ఒక డీజిల్. తర్వాత యూనియన్ పసిఫిక్ వాళ్ల బిగ్ బాయ్. ఎందుకంటే యూట్యూబ్‌లో 2019లో 4014 నంబర్ బిగ్ బాయ్ మళ్లీ పట్టాలెక్కిన వీడియో చూసి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఇంగ్లండ్ ఫ్లయింగ్ స్కాట్స్‌మన్, జపాన్ షింకాన్‌సెన్ మొదటి తరం బండి, సెకండ్ హ్యాండ్‌లో స్విట్జర్లాండ్ 'క్రోకడైల్', ఇంకో అమెరికన్ డీజిల్. ప్రతిదీ విడిగా చూస్తే సూపర్. అన్నీ కలిపి చూస్తే పెళ్లికి వచ్చిన చుట్టాల్లో ఒకరికొకరు తెలియనట్టు.

ఒక ఆదివారం కారేపల్లి నుంచి మా మామయ్య వచ్చాడు. కారేపల్లి ఎక్కడ అంటారా? డోర్నకల్ జంక్షన్ నుంచి భద్రాచలం రోడ్ స్టేషన్ వైపు, అంటే కొత్తగూడెం వైపు ఒక బ్రాంచి లైన్ పోతుంది. దాని మీద ఉంటుంది. అక్కడి నుంచే ఇల్లెందు గనుల వైపు ఇంకో పాయ చీలుతుంది. మామయ్య ఆ లైన్లో గ్యాంగ్‌మన్‌గా చేరి, అక్కడే రిటైర్ అయ్యాడు. నేను గొప్పగా బిగ్ బాయ్ తిప్పి చూపించా. రెండు రౌండ్లు చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూసి అడిగాడు: "బండి బాగుంది అల్లుడూ. ఇది యాడి నుంచి యాడికి పోతది?"

నా దగ్గర జవాబు లేదు. "ఊరికే గుండ్రంగా తిరుగుద్ది మామయ్యా" అన్నా. ఆయన నవ్వలేదు, ఏమీ అనలేదు, టీ తాగి టీవీ పెట్టుకున్నాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న దిగిపోయింది. థీమ్ అంటే ఇంతే ఫ్రెండ్స్. మీ బల్ల మీద ఉన్న బండి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుంది, ఏ కాలంలో పోతుంది, ఏం మోసుకుపోతుంది. ఈ మూడింటికీ జవాబు ఉంటే థీమ్ ఉన్నట్టు. లేకపోతే మీ దగ్గర ఉన్నవి ఇంజన్లే, రైల్వే కాదు.

"అబ్బా, నా డబ్బు నా ఇష్టం, నచ్చింది కొనుక్కుంటా" అనొచ్చు. కరెక్టే. కానీ థీమ్ లేకపోతే అందం సంగతి తర్వాత, ముందు బండ్లే నడవవు. నాకు ఎలా తగిలిందో చూడండి.

మొదటిది స్కేల్. అమెరికా, యూరప్‌లో ఎక్కువమంది వాడేది హెచ్ఓ. అంటే అసలు బండికి 87వ వంతు. ఇంగ్లండ్ వాళ్లది ఓఓ, 76వ వంతు. విచిత్రం ఏంటంటే రెండూ 16.5 మిల్లీమీటర్ల పట్టా మీదే నడుస్తాయి. అందుకే నేను మోసపోయా. పట్టా ఒకటే కదా అని స్కాట్స్‌మన్ తెచ్చి అమెరికన్ పెట్టెల ముందు పెడితే, ఇంజన్ బలిసినట్టు, పెట్టెలు చిక్కినట్టు కనిపించాయి. ఇక షింకాన్‌సెన్ ఎన్ స్కేల్, దాని పట్టా 9 మిల్లీమీటర్లే. నా పట్టా మీద పెట్టడానికే లేదు. అది రెండేళ్లు షోకేస్‌లోనే ఉంది. ఇంకో తమాషా, జపాన్‌లో మామూలు బండ్ల ఎన్ స్కేల్ 150వ వంతు, షింకాన్‌సెన్ మాత్రం 160వ వంతు. ఎందుకంటే జపాన్ మామూలు లైన్లు సన్నవి, షింకాన్‌సెన్ లైన్ వెడల్పు. రెండింటినీ ఒకే 9 మిల్లీమీటర్ల పట్టా మీద నడపాలి కాబట్టి అలా సర్దారు.

రెండోది కరెంటు. క్రోకడైల్ సంగతి ఇది. అది మార్క్లిన్ వాళ్ల పద్ధతి బండి. మామూలు మోడల్ రైల్లో ఒక పట్టా ప్లస్, ఇంకో పట్టా మైనస్, మధ్యలో కరెంటు కలవకుండా చక్రాలకి ఇన్సులేషన్ ఉంటుంది. మార్క్లిన్ బండి పట్టాల మధ్యలో ఉండే చిన్న చిన్న పిన్నుల నుంచి కరెంటు తీసుకుంటుంది, రెండు పట్టాలూ కలిపి ఒకే వైరు లెక్క. దాని చక్రాలకి ఆ ఇన్సులేషన్ ఉండదు. నేను దాన్ని తీసుకెళ్లి నా రెండు పట్టాల ట్రాక్ మీద పెట్టా. పెట్టగానే షార్ట్. కంట్రోలర్ ఆగిపోయింది. బీటెక్ చదివి, ఐదేళ్లు కోడ్ రాసి, ప్యాకెట్ మీద రాసింది చదవలేదు.

మూడోది మలుపు. బిగ్ బాయ్ అసలు బండి టెండర్‌తో కలిపి 132 అడుగుల పొడవు. 87తో భాగించండి, దాదాపు 46 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర. నా బల్ల ఆరడుగులు ఇంటూ నాలుగడుగులు, దాని మీద మలుపు రేడియస్ 18 అంగుళాలు. ఆ మలుపులో బిగ్ బాయ్ ముందు భాగం పట్టా వదిలేసి బయటికి పొడుచుకొచ్చి, నేను పెట్టిన సిగ్నల్ స్తంభాన్ని పడగొట్టింది. ఒకసారి కాదు, రోజూ.

తగిలించే కొక్కేల సంగతి ఇంకో గోల. అమెరికన్ బండ్లకి పిడికిలి లాంటి కప్లర్, ఇంగ్లిష్ బండ్లకి కొక్కెం, యూరప్ వాళ్లకి లూప్. ఏదీ ఇంకోదానికి తగలదు. దీని గురించి ఎక్కువ చెప్పను, మీకే అర్థమవుతుంది.

ఇక డబ్బు. మన దేశంలో ఇది చాలా ముఖ్యం. స్కేల్ మోడల్స్ కస్టమ్స్ లెక్కలో బొమ్మల కిందకే వస్తాయి. బొమ్మల మీద బేసిక్ డ్యూటీ 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు, 2023లో 70 చేశారు. దాని మీద జీఎస్టీ, షిప్పింగ్ అదనం. అంటే మీరు స్క్రీన్ మీద చూసే ధర ధర కాదు. అమెరికాలో ఒక కుర్రాడు తప్పు ఇంజన్ కొంటే ఒక ఇంజన్ డబ్బు పోతుంది, మనం కొంటే దాదాపు రెండు ఇంజన్ల డబ్బు పోతుంది. నేను జాబ్ మానేసి వీడియోలు మొదలుపెట్టాక నాలుగో నెలలో అద్దెకి ఇబ్బంది అయింది. అప్పుడు ఈ ఇంజన్లు అమ్మకానికి పెట్టా. కొన్న రేటులో సగం కూడా రాలేదు. స్కాట్స్‌మన్ కొన్నాయన ఇంగ్లిష్ రైళ్లే పెట్టుకున్నాడు, దాన్ని చూసి ఎంత సంబరపడ్డాడో! అదే బండి నా దగ్గర రెండేళ్లు దిక్కులేకుండా ఉంది.

సరే, థీమ్ ఎలా పెట్టుకోవాలి? నేను చేసింది చెప్తా, రూల్ బుక్ అనుకోకండి.

సాఫ్ట్‌వేర్‌లో రిక్వైర్‌మెంట్ రాసుకోకుండా కోడ్ మొదలుపెడితే ఏమవుతుందో తెలుసు కదా. క్లయింట్ రోజుకో ఫీచర్ అడుగుతాడు, చివరికి ఏమీ రిలీజ్ అవ్వదు. ఇక్కడ క్లయింటూ నేనే, డెవలపర్‌నీ నేనే, బిల్లు కట్టేదీ నేనే. అందుకే ఒక నోట్‌లో ఒక్క వాక్యం రాశా: "కారేపల్లి, 1982, బొగ్గు."

ఎందుకు కారేపల్లి అంటే మామయ్య అడిగిన ప్రశ్నకి నేను జవాబు చెప్పగలిగిన ఊరు అదొక్కటే. ఎందుకు బొగ్గు అంటే ఆ లైన్ ఉన్నదే బొగ్గు కోసం. సింగరేణి అనే కంపెనీ పేరు వచ్చింది ఆ పక్క ఊరి నుంచే, ఇల్లెందు దగ్గరే మొదట తవ్వారు. ఎందుకు 1982 అంటే, దానికి కొంచెం లెక్క ఉంది.

అమెరికాలో మోడల్ రైల్వే వాళ్లు చాలామంది 1950ల కాలం ఎంచుకుంటారు. ఆవిరి ఇంజన్లు పోతున్నాయి, డీజిల్ వస్తోంది, రెండూ ఒకే స్టేషన్‌లో కనిపించే కాలం అది. ఒకే థీమ్‌లో రెండు రకాలూ పెట్టుకోవచ్చన్నమాట. మన దగ్గర ఆ మార్పు ఆలస్యంగా జరిగింది. బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి బండ్లు 1990ల దాకా ఉన్నాయి. 1982కి డీజిల్ జోరు మీద ఉంది, నల్ల ఇంజన్ ఇంకా చావలేదు, ఆ బ్రాంచి మీదికి కరెంటు తీగలు ఇంకా రాలేదు. తీగలు లేకపోవడం నాకు పెద్ద రిలీఫ్. ఆ స్తంభాలు, తీగలు హెచ్ఓలో కట్టాలంటే నా వల్ల కాదు. థీమ్ ఎంచుకునేటప్పుడు మన బద్ధకాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి, తప్పులేదు.

ఈ ఒక్క వాక్యం రాశాక షాపింగ్ లిస్ట్ దానంతట అదే చిన్నదైపోయింది. కావాల్సింది ఒక డబ్ల్యూడీఎం-2 డీజిల్, వీలైతే ఇంకోటి. ఒక డబ్ల్యూజీ ఆవిరి ఇంజన్, అది ఎప్పుడో. బొగ్గు వ్యాగన్లు ఒక ఎనిమిది. నాలుగు ప్యాసింజర్ పెట్టెలు. అయిపోయింది. ఇప్పటి బొగ్గు రేకు 58 వ్యాగన్లు, ఒక్కోటి 10.7 మీటర్లు. దాన్ని యథాతథంగా హెచ్ఓలో పెడితే 7 మీటర్ల పైనే వస్తుంది, మా హాల్ దాటి కిచెన్‌లోకి పోతుంది. అందుకే ఎనిమిది. కళ్లు మిగతావి ఊహించుకుంటాయి.

ఇక్కడ నాలోని దొంగ లాయర్ లేచాడు. ఇది చెప్పకపోతే ఈ ఎపిసోడ్ చేసి వేస్ట్. డబ్ల్యూడీఎం-2 గురించి చదువుతుంటే తెలిసింది, దాని డిజైన్ ఆల్కో అనే అమెరికన్ కంపెనీది, మొదటి బండ్లు 1962లో అక్కడి నుంచే వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. 2600 హార్స్ పవర్. మరి బిగ్ బాయ్ ఎవరిది? అదే ఆల్కో! న్యూయార్క్ రాష్ట్రం స్కెనెక్టడీలో అదే కార్ఖానా, 1941లో 20, 1944లో 5, మొత్తం 25 బండ్లు. అంతే, రాత్రి ఒంటిగంటకి నా బుర్ర వెలిగింది. "థీమ్ కారేపల్లి కాదు, థీమ్ ఆల్కో! బిగ్ బాయ్ అమ్మక్కర్లేదు!"

గాజు బీరువాలో పెట్టుకునే కలెక్టర్‌కి ఆల్కో చక్కటి థీమ్. ఒకే కంపెనీ, ఆవిరి నుంచి డీజిల్ దాకా వరసగా పెట్టుకోవచ్చు. నాకు బీరువా వద్దు, నడిచే ఊరు కావాలి. నడిచే ఊళ్లో ప్రతి ఇంజన్‌కీ డ్యూటీ ఉండాలి. బిగ్ బాయ్‌కి డ్యూటీ ఉంది, కాదనను. వయోమింగ్‌లో షెయెన్, లారమీ మధ్య షెర్మన్ హిల్ ఎక్కడం. 1959 దాకా అది అక్కడ సరుకు బండ్లు లాగింది. మీ థీమ్ "షెర్మన్ హిల్, 1957" అయితే బిగ్ బాయ్ కొనండి, వెనకాల పండ్లు కూరగాయలు మోసే ఐస్ పెట్టెలు తగిలించండి, గొప్పగా ఉంటుంది, కాకపోతే పెద్ద గది కావాలి. కారేపల్లిలో దానికి పనిలేదు. మర్నాడు పొద్దున్నే అమ్మకానికి పెట్టేశా. పార్సిల్ కట్టేటప్పుడు గొంతు పట్టేసింది, నిజం.

థీమ్‌ని సాగదీయాలనిపించినప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: నేను ముందు బండి చూసి తర్వాత కారణం వెతుకుతున్నానా, ముందు పని చూసి బండి వెతుకుతున్నానా?

అలాగని థీమ్ జైలు కాదు. అసలు రైల్వేలోనే కావాల్సినంత వెసులుబాటు ఉంది. డబ్ల్యూడీఎం-2 కాజీపేట షెడ్డుదే కానక్కర్లేదు, గుత్తి షెడ్డు బండి కూడా తిరుగుతూ అటు రావచ్చు. షెడ్డుని బట్టి రంగులు మారేవి కాబట్టి రెండో ఇంజన్ వేరే రంగులో పెట్టుకునే ఛాన్స్ నాకు నిజంగానే ఉంది. ఇది అబద్ధం ఆడకుండా దొరికే వెరైటీ. ఇంకోటి, మొట్టమొదటి ఇంజన్‌కి థీమ్ అక్కర్లేదు. కొత్తవాళ్లు ఒక చవక సెట్ కొని, ఆరు నెలలు తిప్పి, వైరింగ్, క్లీనింగ్ అన్నీ నేర్చుకోండి. మీకు నిజంగా ఏది నచ్చుతుందో అప్పుడే తెలుస్తుంది. నా తప్పు మొదటి బండి కాదు. రెండు నుంచి ఆరు దాకా.

ఇప్పుడు కష్టమైన భాగం. డబ్ల్యూడీఎం-2 హెచ్ఓలో రెడీగా దొరుకుతుందా? అమెరికన్ ఇంజన్ దొరికినంత ఈజీగా దొరకదు. చాలామంది థీమ్ వదిలేసేది ఇక్కడే. కావాల్సింది లేదు, ఉన్నది మెరుస్తోంది. మన హాబీ వాళ్లు కొందరు చేసేది, పై బాడీ త్రీడీ ప్రింట్ చేయించి అమెరికన్ ఇంజన్ కింది భాగం మీద కూర్చోబెట్టడం. నేనూ అదే దారి పట్టా. కింది భాగం దేనిది తీసుకోవాలి? ఇక్కడ థీమే జవాబు చెప్పింది. డబ్ల్యూడీఎం-2 బోగీలో మూడు ఇరుసులు సమాన దూరంలో ఉండవు, రెండు దగ్గరగా, ఒకటి దూరంగా ఉంటాయి. ఆల్కో పాత ఆరు ఇరుసుల డీజిళ్లకీ అలాంటి బోగీలే. నా ఆరింటిలో ఆఖరి అమెరికన్ డీజిల్ అదే! చూసి, బాగుందని కొన్నది. దాన్ని మాత్రం అమ్మలేదు. దాని పై బాడీ తీసేసి, ఫ్రేమ్ కొంచెం కోసి సర్దా. మీరు చూస్తున్న ఈ బూడిద డబ్బా కింద ఉన్నది అదే. పొడవు 20 సెంటీమీటర్లకి కొంచెం తక్కువ. నా 18 అంగుళాల మలుపులో హాయిగా తిరుగుతుంది.

ఒక రాజీ ఉంది, దాచను. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైన రావాలి. నేను వాడే పట్టా 16.5, అది అమెరికా, యూరప్ స్టాండర్డ్ గేజ్‌కి సరిపోయే లెక్క. కాబట్టి ఎదురుగా చూస్తే నా కారేపల్లి పట్టాలు సన్నగా ఉంటాయి. సరైన గేజ్ పట్టా చేత్తో వేసుకోవచ్చు, కానీ అప్పుడు ఏ ఇంజన్ చక్రాలూ పనికిరావు. ఓఓ స్కేల్‌లో ఇంగ్లిష్ వాళ్లు ఎన్నో ఏళ్లుగా ఇదే రాజీతో బతుకుతున్నారు, నేనూ బతుకుతా. పక్కనుంచి కెమెరా పెడితే తెలియదు, అందుకే ఎప్పుడూ పక్కనుంచే చూపిస్తా.

పోయిన నెల నా ఫ్రెండ్ ఒకడు డాలస్ నుంచి వస్తూ శాంటా ఫే ఎఫ్7 తెచ్చాడు. ఎరుపు, వెండి రంగు, ముక్కు మీద పసుపు. ప్రపంచంలో అందమైన డీజిల్ ఏదంటే చాలామంది దాన్నే చూపిస్తారు. "సగం రేటుకి ఇస్తా, డ్యూటీ కూడా లేదు, తీసుకోరా" అన్నాడు. అకౌంట్‌లో డబ్బు ఉంది, ఆ వారమే పడింది. రెండు రోజులు నా దగ్గర ఉంచుకున్నా. నడిపా. రాత్రి లైట్లు ఆపేసి నడిపా. దాని హెడ్‌లైట్ నేను అట్టతో చేసిన కారేపల్లి స్టేషన్ బోర్డు మీద పడింది, మూడు భాషల్లో రాసిన బోర్డు. ఆ వెలుగులో బోర్డు ఒకటే నిజంలా కనిపించింది, బండి అతికించినట్టుంది. పొద్దున్న తిరిగి ఇచ్చేశా. వాడు "నీకు పిచ్చి" అన్నాడు. ఆ డబ్బుతో నాలుగు బొగ్గు వ్యాగన్లకి అడ్వాన్స్ కట్టా, వాటికోసం ఇంకా వెయిటింగే.

ఈ డబ్బాకి నంబర్ వెయ్యాలి కదా, పోయిన వారం మామయ్యకి ఫోన్ చేశా. "నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు వచ్చిన డీజిల్ నంబర్ ఏదైనా గుర్తుందా" అని. "డీజిల్ నంబర్లు ఎవడు చూశాడురా, అది కనపడితే పట్టా పక్కకి దిగి నిలబడేటోళ్లం" అన్నాడు. కాసేపాగి, "నల్లింజన్ అయితే కూత బట్టి డ్రైవర్ ఎవరో చెప్పేటోళ్లం" అన్నాడు. నంబర్ దొరకలేదు. కానీ గ్యాంగ్ వాళ్లు పట్టా పక్కన ఎలా నిలబడతారో, ఎవరి చేతిలో ఏముంటుందో పావుగంట చెప్పాడు. అదంతా రాసుకున్నా. వచ్చే ఎపిసోడ్‌లో రంగు వేస్తాం, దానితో పాటు పట్టా పక్కన నిలబడ్డ ఆరుగురు మనుషుల్ని చేస్తాం. 87వ వంతు అంటే ఒక్కో మనిషి 2 సెంటీమీటర్లు కూడా ఉండడు, సన్న బ్రష్‌లు రెడీగా పెట్టుకోండి. ఉంటా మరి.